మాల్యాద్రి సంతకం

విచారణకు దొర వచ్చే రోజున వెంకటసుబ్బులమ్మ భర్త చొక్కా రెండుసార్లు ఉతికింది. జేబుకు ఫౌంటెన్ పెన్ను తనే తగిలించింది.

"ఈరోజు నీ నోరు చూడాల మామా," అంది.

మాల్యాద్రి నవ్వలేదు. పలకల గని విరిగిపడి ఆమె తమ్ముడు కాటమరాజు చచ్చిపోయి పదకొండు రోజులు. వాడితోపాటు ఇంకో ముగ్గురు.

నల్లరాళ్లపల్లెలో మాల్యాద్రి నోటికి జంకనివాళ్లు లేరు. గనిలో కూలీగా మొదలై, ఆ నోటితోనే పంచాయతీ బోర్డు మెంబరయ్యాడు. ఆయన లేచి నిలబడితే ప్రెసిడెంటు పుల్లారావు ముందుగానే మంచినీళ్లు తెప్పించుకునేవాడు. పొద్దుగూకాక వెంకటసుబ్బులమ్మ పత్రిక చదివి వినిపించేది. పలకల దుమ్ముకు ఆయన కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

గని పుల్లారావుదే. దాని గోడ పగుళ్లిచ్చిందనీ, వెంటనే మూయాలనీ పోయిన వేసవిలో మాల్యాద్రి బల్ల గుద్ది తీర్మానం పెట్టించాడు. గుమాస్తా నాగేశ్వర్లు రాసుకుని, గట్టిగా చదివి, సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించాడు. అందరూ చూస్తుండగా మాల్యాద్రి పెన్ను తీశాడు. ఆ సాయంత్రం ఇంటికి రెండు మూరల మల్లెలు తెచ్చాడు. తమ్ముడు బతికిపోయాడని ఆమె మురిసిపోయింది.

గని మూతపడలేదు. పైనుంచి ఉత్తర్వు రావాలన్నారు. ఈలోగా వానలొచ్చాయి.

బోర్డు ఆఫీసు ముందు ఊరంతా చేరింది. ఆడవాళ్లు అరుగు మీద కూర్చున్నారు. మాల్యాద్రి గంటసేపు మాట్లాడాడు. పుల్లారావు ఒక్క మాటకూ అడ్డురాలేదు.

"నేను చెప్పేది అబద్ధమైతే ఆ తీర్మానాల పుస్తకం తెప్పించండి దొరా. అంతా దాంట్లోనే ఉంది," అన్నాడు మాల్యాద్రి.

పుస్తకం వచ్చింది. దొర ఆ పేజీ చూసి, కనుబొమలు ముడిచి, ఆయన ముందుకు తోశాడు. చదవమన్నాడు.

"దుమ్ముకు నా కళ్లు పోయినాయి. మీరే చదవండి, అందరూ వింటారు."

దొర చదివాడు. గని గట్టిగా ఉందనీ, ఇంకో మూడేళ్లు నిక్షేపంగా నడపవచ్చుననీ మెంబరు మాల్యాద్రి ప్రతిపాదించినట్టు ఉంది.

"ఈ సంతకం మీదేనా?"

మాల్యాద్రి పుస్తకం మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"నాదే."

ఎవరో కాండ్రించి ఉమ్మారు. వెంకటసుబ్బులమ్మ తల్లి రంగనాయకమ్మ కూతురి భుజం పట్టి కుదిపింది. "ఏంది ఇది? నా కొడుకును మింగినోడు నీ మొగుడేనా?"

వెంకటసుబ్బులమ్మ లేచి నిలబడింది. "దొరా," అంది.

మాల్యాద్రి ఆమె కేసి చూసి తల అడ్డంగా ఊపాడు. జేబులోని పెన్నును అరచేత్తో కప్పేశాడు. ఆమె మెల్లగా కూర్చుంది.

తీర్మానం పెట్టినవాడిదే తప్పని దొర రాసుకుపోయాడు. మర్నాడు కూలీలు మళ్లీ గనిలోకి దిగారు.

పెళ్లయిన కొత్తలో, పగిలిన పలక మీద, భార్య చెయ్యి పట్టుకుని దిద్దించిన ఆ మూడక్షరాలు తప్ప మాల్యాద్రికి ఇంకొక్క అక్షరం రాదని ఊళ్లో ఇద్దరికే తెలుసు: వెంకటసుబ్బులమ్మకు, నాగేశ్వర్లుకు.