ఊట పరీక్ష

కొండ సగం ఎక్కేసరికి నీళ్ళ సారుకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన అసలు పేరు ఆఫీసులోనే ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళుగా చెరువులూ బావులూ ఊటలూ పరీక్షించడమే ఉద్యోగం. అందుకని అందరికీ నీళ్ళ సారే. రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది. మోకాళ్ళు మాత్రం ముందే రిటైరయ్యాయి.

"ఇంకెంత దూరమండీ?" అని అడిగాడు వెనక వస్తున్న డ్రిల్లింగ్ ఇంజనీరును.

"వచ్చేశాం సార్," అన్నాడతను. గంట నుంచీ అదే మాట.

ఈ కొండ కింద బొగ్గు ఉందో లేదో తేల్చడానికి పైన నలభై బోర్లు వెయ్యాలట. ఆ యంత్రాలు ఎక్కడానికి రోడ్డు కావాలట. కొండ ప్రభుత్వానిది, అంటే అందరిదీ, అంటే అడిగే నాథుడు లేనిది. దారిలో ఒక్క ఊట అడ్డం. ఊట బతికి ఉంటే రోడ్డు అవతలి వైపు రాతినేల మీదుగా చుట్టూ తిరిగి పోవాలి. ఎండిపోయిందని నీళ్ళ సారు రాస్తే తిన్నగా దాని మీంచే పోతుంది.

పక్క కొండ మీద ఊటకు అలాగే రాశాడు. అబద్ధమేం రాయలేదు, అది నిజంగానే ఎండిపోయింది. ఆరు నెలలు తిరక్కుండానే రోడ్డు పడింది. లారీల దుమ్ము కింద పచ్చికంతా మాడిపోయింది. వానకు కోసుకొచ్చిన మట్టి కింది వాగును పూడ్చేసింది. కాగితంలో తప్పేం లేదని ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ సంతకం గుర్తొచ్చిన పూట ఆయనకు ముద్ద దిగదు.

ఈ కొండ మీద, ఊటకు ఎగువన, పోయిన నెల అనుమతి లేకుండానే మూడు బోర్లు వేశారని ఊళ్ళో గుసగుసలు. యంత్రాన్ని ముక్కలు ముక్కలుగా విప్పి, మనుషులతో మోయించారట. అడిగితే కంపెనీవాళ్ళు తమకేమీ తెలియదన్నారు.

ఊట దగ్గర ఒక అత్తా కోడలూ ఎదురుచూస్తున్నారు. బండ నీడలో వాళ్ళ మేకలు పడుకుని ఉన్నాయి. ఈ కొండే వాటికి మేత, ఈ ఊటే నీళ్ళు. ఇది పోతే మేకల్ని తెగనమ్ముకుని కూలికి పోవడమే.

రాతి గుంటలో అంచుదాకా నీళ్ళు.

"ఇందులో నీళ్ళున్నాయేంటి!" ఇంజనీరు నోరు జారాడు.

"ఊటలో నీళ్ళు కాక ఇంకేముంటాయి బాబూ?" అంది ముసలావిడ.

కోడలు గ్లాసు ముంచి నీళ్ళ సారుకు అందించింది. ఆమె అరచేతిలో బొబ్బలున్నాయి. గడ్డి కోతవై ఉంటాయనుకున్నాడు.

ఒక గుక్క తాగి ఆగాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన గొంతుకేసే చూస్తున్నారు. మిగతా నీళ్ళు కూడా గటగటా తాగేసి గ్లాసు తిరిగిచ్చాడు.

"ఎలా ఉన్నాయి నాయనా?"

"దాహం తీరింది పెద్దమ్మా."

సంచిలోంచి నమూనా సీసా తీయబోయి మానేశాడు. బండ మీద చతికిలబడి కాగితాలు తీశాడు.

"అదేంటి సార్, తోడి చూడరా?" అన్నాడు ఇంజనీరు. "సగానికి తోడేసి, గంటలో ఎంత ఊరిందో కొలవాలి కదా? రూలు అదే."

ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకుంది.

"నా నడుముకు వంగే ఓపిక లేదండీ."

"కింద మా మనుషులున్నారు, పిలిస్తే వచ్చి తోడతారు."

"మీ మనుషులు తోడితే అది మీ పరీక్ష అవుతుంది. నాది కాదు." నీళ్ళ సారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "అయినా మీకెందుకంత అనుమానం? ఈ ఊట ఎండిపోయేంత పని పైన ఏమైనా జరిగిందా? జరిగుంటే చెప్పండి, అదీ రాసుకుంటాను."

ఇంజనీరు ఫోను తీసి అందులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"ఊట సజీవంగా ఉంది. రోడ్డు మళ్ళించాలి," అని రాసి సంతకం పెట్టాడు నీళ్ళ సారు. ముప్పై ఏళ్ళలో ఇంత త్వరగా ఏ కాగితమూ నింపలేదు. సంతోషమేం కలగలేదు. ఇంటికి పోయి పడుకోవాలనిపించింది, అంతే.

"ఇలాంటి వాళ్ళకు జీతాలు దండగ," అని పైకే అనేసి, ఇంజనీరు విసవిసా కొండ దిగిపోయాడు. ఆ మాట నీళ్ళ సారుకు వినిపించింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ముసలావిడ దగ్గరకొచ్చి చేతులు జోడించింది. "మా కడుపు మీద కొట్టలేదు నాయనా. పిల్లాపాపలతో చల్లగా ఉండు."

"సరే పెద్దమ్మా, వెళ్ళొస్తాను."

మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. ఇంజనీరు మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆగాడు. తర్వాత కోడలికి కూడా వినబడేలా, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంకోసారి ఎవరైనా పరీక్షకొస్తున్నారని తెలిస్తే, కుళాయి నీళ్ళు రెండు రోజుల ముందే మోసుకొచ్చి ఇందులో పోసి పెట్టండమ్మా, బ్లీచింగ్ వాసన పోతుంది."