దర్జీగారి కన్నీళ్లు

“మీరు ఏడుస్తున్నారని ఎవరన్నారు? మీ కళ్లు ఎండిపోయాయండీ,” అంది కళ్ల డాక్టరు.

దర్జీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెంపల మీద ధారగా నీళ్లు కారుతుంటే ఎండిపోవడమేమిటి? డాక్టరు ఓపిగ్గా చెప్పింది. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే కంటి నరాలు మొద్దుబారి, కంటిని తడిగా ఉంచే నీరు సరిగా ఊరదట. ఎండిన కన్ను ఇసక పడ్డట్టు మండుతుంటే, ఆ మంటకి ఉత్త నీళ్లు బొటబొటా కారతాయట. చుక్కల మందు వేసుకుని తీపి మానేస్తే తగ్గుతుందని భరోసా ఇచ్చింది.

ఇంకొకరైతే సంబరపడేవారు. దర్జీ గుండెల్లో మాత్రం రాయి పడింది. ఆయన కాపురాన్ని నిలబెట్టింది ఆ నీళ్లే మరి.

సంగతేమిటంటే, బిస్కెట్ల డబ్బా ఖాళీ అయిందని మొగుడూ పెళ్లాలకి పెద్ద గొడవైంది. షుగరు పెట్టుకుని డబ్బా మొత్తం ఊడ్చేశారని ఆవిడ, తిన్నది సగమే మొర్రో అని ఈయన. మాటా మాటా పెరిగి ఆవిడ అక్కగారింటికి వెళ్లి కూర్చుంది. ఫోను చేస్తే ఎత్తలేదు. ఇంతలో పక్క కొట్లో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఆవిడకి కబురు పెట్టాడు, మీ ఆయన మిషను ముందు కూర్చుని ఒకటే ఏడుపమ్మా, కుట్టే చొక్కాలన్నీ తడిసిపోతున్నాయని. అంతే, ఆవిడ రెక్కలు కట్టుకుని వాలింది. గుమ్మంలో ఈయన కళ్లు చూసి తనూ కళ్లు తుడుచుకుంది. నాకోసం ఇంతగా ఏడ్చారా అని మురిసిపోయింది. ఈయన అవునని తలూపాడు. అలిగి వెళ్లిన పెళ్లాం తిరిగొస్తుంటే నిజం ఎవడిక్కావాలి?

ఇప్పుడు మందు వేసుకుంటే నీళ్లు ఆగిపోతాయి. ఆగితే ప్రేమ కూడా ఆరిపోయిందనుకుని ఆవిడ మళ్లీ పెట్టె సర్దుతుందేమో. వేసుకోకపోతే సూదిలో దారం ఎక్కించలేక కొట్టు మూసుకోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపం, మందు సీసా సొరుగులో గుండీల కింద దాచి, మండే కళ్లతోనే కొన్నాళ్లు లాగించాడు.

ఒక సాయంత్రం ఓ పెద్దమనిషి ప్యాంటుకి ఒక కాలు పొడుగూ ఒక కాలు పొట్టీ కుట్టేసరికి, ఇక లాభం లేదనుకున్నాడు. సీసా తీసుకుని వంటింట్లోకి వెళ్లి, డాక్టరు చెప్పిందంతా ఒక్క గుక్కలో భార్యకి చెప్పేశాడు.

“అవి నీకోసం కార్చినవి కావే, షుగరు నీళ్లు. కానీ నువ్వు లేకపోతే నాకు ముద్ద దిగలేదు, అది మాత్రం నిజం. మళ్లీ వెళ్లిపోకు.”

ఆవిడ పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది. ఎర్రబడ్డ కళ్లలోంచి నీళ్లు జలజలా రాలుతున్నాయి. చూస్తుంటే ఆయన ప్రాణం ఉసూరుమంది.

“అబద్ధమాడాను, తప్పే. నువ్వు ఏడవకే, నేను చూడలేను,” అన్నాడు బతిమాలుతూ.

ఆవిడ సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆయన బిక్కమొహం వేసుకుని చూస్తుంటే, చెంపలు తుడుచుకుంటూ అంది:

“ఏడవడం లేదండీ, నాకూ షుగరే.”