అవ్వ బైబిలు కవరు

టీవీ వెనక చెయ్యి పెట్టి చూసింది లిదియా. ఇంకా వేడిగానే ఉంది.

“ప్రగతీ! ఇటు రా.”

తొమ్మిదేళ్ల కూతురు స్కూలు యూనిఫాంలోనే వచ్చి నిలబడింది. ఈస్టర్‌కు ముందటి శ్రమ దినాలు నలభై రోజులూ ఇంట్లో టీవీ బంద్ అని కూర్చోబెట్టి మరీ చెప్పింది లిదియా. చందనవెల్లి కంపెనీలో పని ముగించుకుని చేవెళ్ల చేరేసరికి ఆరవుతుంది. తాను లేనప్పుడు పిల్ల భక్తి మరిచి బొమ్మల పిచ్చిలో పడుతుందేమోనని ఆమెకు ఒకటే గుబులు. అందుకే పొద్దున రిమోట్ తీసి అత్తగారు మేరీ బైబిలు జిప్పు కవర్లో దాచింది. ఆ బైబిలు ముట్టుకునే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

“అండ్ల వద్దు బిడ్డా, ఇంకో తాన పెట్టు” అని మేరీ అప్పుడే అన్నది. దేవుని పుస్తకం పక్కన రిమోట్ ఏమిటని ఆమె బాధ కాబోలనుకుంది లిదియా. రోజూ ప్రార్థనలో కళ్ళు మూసుకుని కీర్తన చెబితే ఒక్క మాట తప్పిపోని మనిషి మరి.

“కార్టూన్ చూసినవా?”

“చూసిన మమ్మీ. జరసేపే.”

“రిమోట్ ఏడ దొరికింది?”

ప్రగతి నాయనమ్మ వైపు చూసి తల దించుకుంది.

“బొమ్మల కోసం అవ్వ బైబిల్ల దేవులాడినవా?”

“దేవులాడలే మమ్మీ.”

“మళ్ల అబద్ధం గూడనా! ఈస్టర్ నాటకంల నువ్వు లేవు. నాటకం నేర్పే సాముయేలన్నకు ఇప్పుడే చెప్త.”

నాటకం మాటలు నెల రోజులుగా బట్టీ పడుతోంది ప్రగతి. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. సండే స్కూల్లో వాక్యాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్ల ఇదేనా అనిపించి లిదియాకు ఏడుపొచ్చింది. అయినా ఫోన్ తీసింది.

మంచం మీదున్న మేరీ చెయ్యి చాపి, తడుముకుంటూ మనవరాలి భుజం పట్టుకుంది.

“దాన్నేమనకు లిదియా. ఎవ్వరికి చెప్పొద్దని నేనే మాట తీసుకున్న.”

“ఏం చెప్పొద్దని అత్తమ్మా?”

“నాకు అచ్చరాలు కనవడక ఆర్నెల్లాయె బిడ్డా, దినాం బైబిలు సదివి వినిపించేది ఇదే.”