ఐదున్నర అడుగుల దూలం

"ఆ దూలం జోలికొచ్చావంటే ముద్ర వెయ్యను" అంది ఉమెనొ మామ్మ. సంతకానికి బదులు కాగితాల మీద వేసే తన పేరు ముద్రను గుప్పిట్లో బిగించి, ఆ గుప్పిటను ఒళ్లో పెట్టుకుంది.

హయామి నుదురు రుద్దుకున్నాడు. రెండు గదుల మధ్య ఐదున్నర అడుగుల ఎత్తున అడ్డంగా ఉన్న ఆ దూలం పొద్దుటి నుంచి అతనికి మూడుసార్లు తగిలింది. కనజవా నగరంలో పేరున్న ఆర్కిటెక్టు అతను. ఈ పాత కొయ్య ఇంటిని విప్పి, కాంక్రీటుతో, గాజుతో కొత్తది కట్టాలని ఏడాదిగా గీస్తున్నాడు. వెలుతురు ఇటు నుంచి అటు పారాలి, మధ్యలో ఏదీ అడ్డు ఉండకూడదు. ఇల్లు మామ్మ పేరనే ఉంది; సాయంత్రంలోగా ఆవిడ ముద్ర పడకపోతే అనుమతికి గడువు దాటిపోతుంది. ఏడాది కష్టం మట్టిపాలే.

"మామ్మగారూ, మీ కాలంలో మనుషులు పొట్టి. ఇప్పటివాళ్లకి తల పగులుతుంది."

"పగలనీ."

"పోనీ, గోడకి అందంగా బిగిస్తాను. రోజూ చూసుకోవచ్చు."

"చూసుకోడానికి అదేమన్నా బొమ్మా? ఉన్నచోటే, తలకి తగిలేట్టే ఉండాలి."

హయామికి ఒళ్లు జలదరించింది. ఎంత జ్ఞాపకం లేకపోతే ముసలావిడ ఇంత పట్టుబడుతుంది! కళ్లు చెమర్చాయి. ఆ చెమ్మలోనే పత్రికకు రాయబోయే వ్యాసం కూడా కనిపించింది: నున్నటి కాంక్రీటు, నడుమ పొగచూరిన ఒక్క దూలం, తరతరాల స్మృతి. బహుమతి రాకుండా ఎక్కడికి పోతుంది?

"ఉంచేస్తాను మామ్మగారూ. మీ మామగారు చెక్కించిందా?"

"ఎవరు చెక్కిస్తే ఏం నాయనా, నా ప్రాణమంతా అందులోనే ఉంది."

అప్పుడే వీధి తలుపు పక్కకు జరిగింది. వచ్చింది ఆవిడ భర్త టొయొజో. ఆరడుగుల మనిషి, రిటైరైన హెడ్మాస్టరు. ఎదురైతే పేట పేటంతా వంగి నమస్కరిస్తుంది. ఆయన మెడ మాత్రం ఎవరికీ వంగదు.

"ఇంకా పీకలేదటయ్యా ఈ ముదనష్టపు దూలాన్ని! ఏమే, టీ ఏదీ?" అంటూ ఆయన నడుము దాకా వంగి, దూలం కింద నుంచి గదిలోకి వచ్చాడు.

ఎదురుగా చాప మీద కూర్చున్న ఉమెనొ కూడా ఎంతో మర్యాదగా వంగి నమస్కరించింది. ఆయన అటు చూడనైనా చూడకుండా వెనక గదిలోకి వెళ్లిపోయాడు.

ఆవిడ గుప్పిట తెరిచి, ముద్రను కాగితం దాకా తెచ్చి ఆగింది. హయామిని దగ్గరికి రమ్మని గొంతు తగ్గించింది.

"యాభై రెండేళ్ల కాపురంలో ఆయన నాకు తల వంచేది ఇక్కడొక్కచోటే. కొత్తింట్లో ఇంకో రెండంగుళాలు దించు, నాయనా."