పక్క సీటు బెల్టు

ఆరేళ్ల తర్వాత ఆ నర్సు మళ్లీ స్టీరింగు ముందు కూర్చుంది. ఆటోమేటిక్ కారు. అలవాటు చావక, లేని క్లచ్ కోసం ఎడమ కాలు వెతుకుతూనే ఉంది.

“దానికిక పనిలేదక్కా, హాయిగా చాపుకో,” అంటూ తాళాలిచ్చాడు తమ్ముడు.

చీకటిపడ్డాక ఆమె ఒక్కతే వంతెన ఎక్కగానే కారు కుయ్ కుయ్‌మంది. పక్క సీటులో మనిషి బెల్టు పెట్టుకోలేదని ఎర్రదీపం వెలిగింది. అక్కడున్న చేతిసంచి తీసి వెనక్కి వేసింది. మోత ఆగలేదు.

ఆరేళ్ల కిందట ఇదే వంతెన మీద, పక్క సీటులో కూర్చున్న భర్త, “ఈ పొట్టకు బెల్టెక్కడ సరిపోతుందే, నువ్వు పోనివ్వు,” అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట.

కారు పక్కకు ఆపింది. చెయ్యి చాచి ఖాళీ సీటుకు బెల్టు బిగించింది. మోత ఆగింది.

బెల్టు మాత్రం సీటుకు ఆనలేదు. జానెడు ఎత్తున నిలిచి, మెల్లగా లేస్తోంది, దిగుతోంది.