మనిషి కావలెను

“మీ ఫిర్యాదు నమోదైందండీ. ఇంక మీరు నిశ్చింతగా ఇంటికెళ్ళొచ్చు” అన్నాడు బసవేశ్వరరావు, కంప్యూటర్ మీదినుంచి కళ్ళు తిప్పకుండా.

“ఈ మాట అయిదు రోజులుగా ఫోనులో వింటూనే ఉన్నాను. నాకు కావలసింది నమోదు కాదు, మనిషి” అంది దాసరి రూబీ.

మంచానపడ్డ వృద్ధుల సేవకు ఇళ్ళకు మనుషులను పంపే సంస్థ అది. తెనాలిలో కార్యాలయం. గోడమీది పటంలో తెల్లని దుస్తుల యువతి ఒక ముసలాయన చేయి పట్టుకుని నవ్వుతోంది. అటువంటి యువతిని రూబీ ఆ కార్యాలయంలో గానీ, కొలకలూరులోని తన ఇంట్లో గానీ ఏనాడూ చూడలేదు.

“మా అమ్మ పున్నమ్మకు తొంభై ఒకటి. మీరు పంపినావిడ చెప్పాపెట్టకుండా మానేసింది. రేపు నాకు గుంటూరులో కంటి ఆపరేషన్. ఇప్పటికి రెండుసార్లు వాయిదా వేయించుకున్నాను. మూడోసారి వేస్తే కుడికన్ను దక్కదని డాక్టరు చెప్పారు. ఇవాళ్టికి పక్కింటావిడను బతిమాలి కూర్చోబెట్టి వచ్చాను. రేపు ఉదయం ఆరింటికల్లా మా అమ్మ దగ్గర మనిషి ఉండాలి.”

“నిజం చెప్పమంటారా మేడమ్? మంచానపడేవాళ్ళు ఎక్కువైపోయారు, లేవదీసేవాళ్ళు తక్కువైపోయారు. కుర్రపిల్లలెవరూ ఈ పనికి రావట్లేదండి. బాపట్లలో ఇదే, రేపల్లెలో ఇదే.”

“కుర్రపిల్లే కావాలని నేను అడగలేదు. రెండు చేతులున్న మనిషైతే చాలు.”

“అట్లా అయితే తేలికేనండి. మీకు దగ్గర్లో ఎవరు దొరికినా కంప్యూటరే కలిపేస్తుంది. మన ప్రమేయమే ఉండదు.”

“కలిపేదాకా నేను ఇక్కడినుంచి కదలను.”

“మీ ఇష్టమండీ. ఆ బల్లమీద కూర్చోండి” అని అతడు మోగుతున్న ఫోనును మోగనిచ్చి, టీ తాగడానికి లేచాడు.

బల్లమీద నలుగురు స్త్రీలున్నారు. నలుగురివీ నెరిసిన తలలే. తనవంటి బాధితులే అని రూబీ నిశ్చయించుకుంది. వేమూరు నుంచి వచ్చిన నాగజ్యోతి పక్కకు జరిగి చోటిచ్చింది.

“మీకు ఎన్నాళ్ళయిందక్కా?”

“అయిదు రోజులు.”

“అంతేనా! నేను పేరు రాయించుకుని నెల దాటింది. ఫోన్ చేస్తే లైన్లో ఉండమని పాట పెడతారు. ఆ పాట మొత్తం నోటికొచ్చేసింది.”

“వయసు మళ్ళినవాళ్ళంటే చులకన.”

“అదేగా! అరవై దాటితే అసలు మనుషుల కిందే లెక్కెయ్యరు.”

లోపలి గదినుంచి దేవిక అనే అమ్మాయి ఒక్కొక్కరినే పిలవసాగింది. నాగజ్యోతి వెళ్ళి వచ్చింది. తరువాత రూబీ వెళ్ళింది.

“ఆధార్ ఇవ్వండాంటీ” అంది దేవిక తలెత్తకుండా.

“మా అమ్మదా?”

“ఎవరొస్తే వాళ్ళదేనండి.”

రూబీ తన కార్డు తీసి ఇచ్చింది.

“మనిషిని లేపి కూర్చోబెట్టడం, పక్క మార్చడం?”

“నేనే చేస్తున్నాను.”

“షుగర్ చూసి సూది వెయ్యడం?”

“అదీ నేనే.”

“మరి రాత్రిళ్ళు లేస్తారా?”

“పడుకుంటే కదా లేవడానికి!”

దేవిక మొదటిసారి తలెత్తి చూసింది. “అబ్బో! మంచి అనుభవం ఉందండి మీకు.”

“దీన్ని అనుభవం అనరమ్మా, అవస్థ అంటారు.”

“అంతేలెండి. కొలకలూరు కదా, మీ ఊళ్ళోనే చూస్తాం. ఇక్కడ సంతకం పెట్టండి.”

కాగితంమీది అక్షరాలు అలుక్కుపోయి, పాలలో తడిసినట్టు కనిపించాయి. చదవకుండా ఎక్కడా సంతకం చేయరాదని ముప్ఫై ఏళ్ళు బడిపిల్లలకు చెప్పిన మనిషి ఆ కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూసింది. ఒక్క మాటా అందలేదు.

“ఇందులో ఏం రాశారు?”

“రూల్సేనండి. పేషెంటుని మధ్యలో వదిలేసి వెళ్ళకూడదు, చెప్పకుండా సెలవు పెట్టకూడదు... అలాంటివి.”

“ఈ నియమం అందరిచేతా పాటింపజేసి ఉంటే నేనివాళ ఇక్కడికి రావలసిన అవసరమే ఉండేది కాదు” అంటూ రూబీ స్పష్టంగా, పూర్తి పేరుతో సంతకం చేసింది.

వరండాలోకి వచ్చేసరికి చేతిలో ఫోను మోగి ఆగింది. నాగజ్యోతి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటోంది.

“మెసేజు వచ్చినట్టుంది. నాకు చూపు ఆనడం లేదు, కాస్త చదివిపెట్టమ్మా.”

నాగజ్యోతి కూడబలుక్కుని చదివింది. “‘పున్నమ్మ గారి సేవకు మనిషిని కేటాయించాము. రేపు ఉదయం ఆరు గంటలకు కొలకలూరులోని మీ ఇంట విధుల్లో ఉంటారు. మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.’”

రూబీ అక్కడే మెట్టుమీద కూలబడింది. కళ్ళవెంట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు.

“ఇక రేపు గుంటూరు వెళ్ళవచ్చు” అంది తనలో తాను. నాగజ్యోతి వైపు తిరిగి అడిగింది. “ఆ వచ్చే మహాతల్లి పేరేమైనా రాశారా?”

నాగజ్యోతి వేలితో తెరను పైకి జరిపింది.

“రాశారక్కా. దాసరి రూబీ అంట. అరవై ఎనిమిదేళ్ళు. మీ ఊరావిడే, ఎరుగుదురా?”