గోరింక ముక్కున ఆకు

ఎండలకు మాడిపోతున్న ఓ అడవిలో, తల్లుల్లేని పిట్టపిల్లల కోసం ముసలి కొంగ ఒక గూడు నడిపేది. పెద్ద జంతువుల దగ్గరికెళ్లి సాయం అడిగే పనికి కొత్తగా గోరింక చేరింది. చేరీ చేరగానే పిల్లల కష్టాలన్నీ బట్టీపట్టి, ఏనుగు ముందు వాలి గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పింది. ఏనుగు చెవులు విసురుకుంటూ వెళ్లిపోయింది.

"మన కుంట ఎండిపోయింది. అదేమో ఏటి ఇసుక తవ్వుకుని కడుపారా తాగుతోంది. ఇంత ఏడ్చినా కరగలేదవ్వా!" అని గోరింక ఉడుక్కుంది.

కొంగ దాని ముక్కున ఓ ఆకు పెట్టింది.

"ఇది పడిపోకుండా ఆ ఏనుగు వెంట తిరిగిరా. ఇక్కడ ఎవరికైనా మొదటి పాఠం ఇదే."

గోరింక లోలోపల తిట్టుకుంటూనే తిరిగింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి కనబడింది: ఏనుగు చెవి వెనక, తొండం అందని చోట, పిడుదులు రక్తం పీలుస్తున్నాయి. గోరింక ఆకు వదిలేసి ఒక్కొక్కదాన్నే పీకి పారేసింది.

"హమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది. నీకేం కావాలే పిట్టా?" అంది ఏనుగు.

బట్టీపట్టిన ముక్క ఒక్కటీ గుర్తు రాలేదు.

"పిల్లలకు దాహంగా ఉంది," అంది గోరింక.

ఏనుగు ఏటిలోకి దిగి, ఇసుకలో తాను తవ్విన గుంటలోంచి తొండం నిండా నీళ్లు నింపుకుంది. ఇక మాట్లాడే వీల్లేక, దారి చూపించమన్నట్టు తలూపింది.